డాక్టర్ ఆ ఒక్క మాట అన్నాక మిగతావన్నీ ఎటు పోయాయి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు మతిమరుపు గురించే ఉన్నాయి. అందులో ఒక ఆరు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి, అందుకే ఈసారి వేరే టాపిక్స్ పక్కనపెట్టి వీటికే చోటిచ్చా. ఒక మాటలో ఉండే భయమో ప్రేమో కోపమో సిగ్గో, ఆ మాట మన తలలో కాసేపు నిలబడడాన్ని ఎలా మారుస్తుంది, దాని పక్కనున్న మాటల్ని ఏం చేస్తుంది, అదీ సంగతి. పేర్లు వేయట్లేదు, ఊళ్ళు మాత్రం వేస్తున్నా.

ప్రశ్న: మేడమ్ నమస్తే. మా నాన్నగారికి మెడ దగ్గర గడ్డ ఉంటే స్కాన్ చేయించాం. డాక్టర్ గారు రిపోర్ట్ చూసి "క్యాన్సర్ కావచ్చు, ఇప్పుడే చెప్పలేం, ముక్క తీసి టెస్టుకి పంపాలి" అన్నారు. ఆ తర్వాత ఇంకో ఐదారు విషయాలు చెప్పారు, పది నిమిషాలు ఓపిగ్గానే మాట్లాడారు. బయటికొచ్చి ఆటో ఎక్కాక నేనూ నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, ఏం చెప్పారో ఇద్దరికీ గుర్తులేదు. నాన్న వేసుకునే రక్తం పల్చబడే మాత్ర ఆపమన్నారా వద్దన్నారా, ఆపితే ఎన్ని రోజుల ముందు, పరగడుపున రావాలా తిని రావాలా, ఏదీ లేదు. అన్నయ్య ఫోన్లో "పక్కనే కూర్చుని ఏం వింటున్నావ్, ఇంత చదువు చదివి" అని కేకలేశాడు. నిజంగా నేను వినలేదా? – ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: విన్నారమ్మా, మీరు విన్నారు. మీ అన్నయ్యకి కూడా ఈ పేజీ చూపించండి. చెవిన పడడం వేరు, పడింది తలలో నిలవడం వేరు, మీకు పోయింది రెండోది.

అప్పుడే విన్నదాన్ని కాసేపు పట్టుకునే శక్తిని షార్ట్ టర్మ్ మెమరీ అంటాం, అది చాలా చిన్నది. 1974లో అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ అని బ్రిటన్‌లో ఇద్దరు దీన్ని బాగా విడమరిచి చెప్పారు. మాటల్ని పట్టుకునే భాగం ఒకటుంది, మనం లోపల్లోపల ఆ మాటల్ని మళ్ళీ మళ్ళీ అనుకుంటూ ఉంటేనే అది నడుస్తుంది, సుమారు రెండు సెకన్లలో నోటితో అనగలిగినంత మాత్రమే అందులో పడుతుంది. ఎవరైనా ఫోన్ నంబర్ చెప్తే పెన్ను దొరికేదాకా పెదాలు కదుపుతూ అనుకుంటాం చూడండి, అదే ఇది. ఆ అనుకోవడం ఆగిందా, పోయినట్టే. 1959లో అమెరికాలో పీటర్సన్ దంపతులు మూడే మూడు అక్షరాలు చెప్పి, లోపల అనుకోనివ్వకుండా వెంటనే ఒక అంకె నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లయ్యేసరికి పదిసార్లలో ఒక్కసారి కూడా సరిగా చెప్పలేకపోయారు. మూడు అక్షరాలకే అంత కష్టమైతే ఐదారు జాగ్రత్తలు ఎలా నిలుస్తాయి?

ఇప్పుడు ఆ గది గుర్తుచేసుకోండి. డాక్టర్ ఆ మాట అన్నారు. ఆ క్షణం నుంచి మీ లోపల తిరిగినవి మీ మాటలే అయ్యుంటాయి, నాన్నా, అమ్మకి ఎలా చెప్పాలి, ఎంతవుతుంది, ముదిరిపోయిందా, అన్నయ్యకి ఇప్పుడే ఫోన్ చేయాలా. డాక్టర్ గారు మాత్ర గురించి చెప్తుంటే ఆ వాక్యం చెవిలోకి వచ్చింది, అర్థం కూడా అయ్యుంటుంది, మీరు తల కూడా ఊపి ఉంటారు, కానీ దాన్ని ఇంకోసారి లోపల అనుకోవడానికి అక్కడ ఖాళీ లేదు.

ఇంకో సంగతుంది, నన్ను చాలా కదిలించిన సంగతి. 2003లో లండన్‌లో బ్రయన్ స్ట్రేంజ్ అనే ఆయన, ఆయనతో పనిచేసేవాళ్ళు, మామూలు మాటల లిస్టు మధ్యలో గుండె ఝల్లుమనిపించే మాట ఒకటి పెట్టి చూపించారు. ఆ మాట బాగా గుర్తుంది, అది ఊహించిందే. కానీ దానికి సరిగ్గా ముందు చూసిన మామూలు మాట మిగతా మామూలు మాటలకంటే ఎక్కువగా ఎగిరిపోయింది. తర్వాతి మాట పోతే సరే, ధ్యాస అటు లేదు అనుకుంటాం, ముందే చూసేసిన మాట పోవడం ఏంటి చెప్పండి? ఒంట్లో ఉలికిపాటు పుట్టించే హార్మోన్ పనిని అడ్డుకునే ప్రొప్రనొలాల్ అనే మందు ఇచ్చి చూస్తే ఆ రెండూ జరగలేదు, బలమైన మాట అంతగా నిలవనూ లేదు, దాని ముందు మాట అంతగా పోనూ లేదు. మెదడులో అమిగ్డలా అని బాదంపప్పు ఆకారంలో ఒక భాగం ఉంటుంది, భయాన్ని ముందుగా పసిగట్టేది అదే, అది రెండువైపులా దెబ్బతిన్న ఒక మనిషిలోనూ జరగలేదు. అంటే ఆ ఝల్లుమనడమే ఒక మాటని చెక్కేసి దాని పక్కదాన్ని చెరిపేస్తోంది. ఇది చదివి ఆ మందు ఎవరూ సొంతంగా వేసుకోకండి, అది గుండెకీ బీపీకీ డాక్టర్లు చూసి రాసేది.

ల్యాబులో మాటల లిస్టు చదవడం వేరు, కన్నతండ్రి పక్కన కూర్చుని ఆ మాట వినడం వేరు, రెండూ అచ్చంగా ఒకటే అని నేను అనను. కానీ ఆస్పత్రుల్లో జరిగేది కూడా ఇటే చూపిస్తోంది. నెదర్లాండ్స్‌లో రాయ్ కెసెల్స్ 2003లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ చూసి రాసిందేంటంటే, డాక్టర్లు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం దాకా పేషెంట్లు వెంటనే మర్చిపోతారు, గుర్తుందనుకున్న దాంట్లో కూడా దాదాపు సగం తప్పుగా గుర్తుంటుంది. ఈ రెండో ముక్క మొదటిదానికన్నా ప్రమాదం. అందుకే ఆ మాత్ర సంగతి మీరూ నాన్నగారూ కూర్చుని "ఐదు రోజులన్నట్టున్నారు కదా" అని ఊహించుకోకండి. ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి, ఇవాళే అడగండి, మొహమాటపడకండి. రక్తం పల్చబడే మాత్ర ఊహ మీద ఆపేది కాదు, ఊహ మీద వేసుకునేది కూడా కాదు.

ఈసారి వెళ్ళేటప్పుడు అన్నయ్యనే తీసుకెళ్ళండి, ఆయన చేతిలో నోట్‌బుక్కు పెట్టండి. డాక్టర్ గారిని అడిగి ఫోన్లో రికార్డ్ చేసుకోండి, చాలామంది ఒప్పుకుంటారు. లేచే ముందు ఒక్క మాట అనండి, "సార్, మీరు చెప్పింది నేను ఒకసారి చెప్తా, తప్పుంటే దిద్దండి". మీ నోటితో మీరు చెప్పినప్పుడు ఏది పోయిందో అక్కడే బయటపడుతుంది. డాక్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే నాదొక విన్నపం. ఆ మాట చెప్పాక కాసేపు ఆగండి, మంచినీళ్ళు ఇప్పించండి, పేషెంటు చేయాల్సిన పనులు అప్పుడు చెప్పండి, అది కూడా కాగితం మీద, తెలుగులో, పెద్ద అక్షరాలతో.

ప్రశ్న: మేడం, నేను రిటైరైన. మొన్న మా ఆవిడ గేటు కాడ నిలబడి ఏడు సరుకులు చెప్పింది. చింతపండు, కందిపప్పు, సబ్బులు, అగరొత్తులు, ఎలుకల మందు, పటికబెల్లం, అగ్గిపెట్టెలు. దుకాణంల నిలబడితే చింతపండు, ఎలుకల మందు, అగ్గిపెట్టెలు, గీ మూడే యాదికొచ్చినయ్. అగరొత్తులు అసలు చెప్పనే లేదని కొట్లాడిన, చెప్పిందంట. మతి పోతున్నట్టా నాకు? – ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: మతి పోవడం లేదండీ. మీరు మర్చిపోయిన పద్ధతి చూస్తే పుస్తకంలో బొమ్మ వేసినట్టుంది.

ముందు ఏడు సంగతి. 1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికా సైకాలజిస్టు మనిషి ఒక్కసారికి ఏడు, అటో ఇటో రెండు, పట్టుకోగలడని రాశాడు, ఆ ఏడు అంకె అప్పట్నుంచి బాగా పేరు పడిపోయింది. 2001లో నెల్సన్ కోవన్ అవన్నీ తిరగేసి, లోపల అనుకునే వీలూ, వాటిని గుంపులుగా కట్టుకునే వీలూ లేకపోతే అది నాలుగు దగ్గరే ఆగుతుందన్నాడు. మీరు గేటు నుంచి దుకాణం దాకా నడిచారు, దారిలో ఎవరినో పలకరించి ఉంటారు, మీకు మూడు మిగిలాయి. ఇందులో దిగులు పడేదేం లేదు.

ఇక ఏ మూడు మిగిలాయో చూడండి. చింతపండు మొదటిది, మొదట విన్నదాన్ని నాలుగుసార్లు ఎక్కువ అనుకునే టైం దొరుకుతుంది కాబట్టి అది నిలుస్తుంది. అగ్గిపెట్టె చివరిది. నిజానికి చివరివి నిలిచేది వెంటనే అడిగితేనే, 1966లో గ్లాంజర్, కునిట్జ్ ఇద్దరూ ఒక 30 సెకన్లు అంకెలు లెక్కపెట్టించేసరికి చివరి మాటల లాభం మొత్తం కరిగిపోయింది, కాబట్టి మీరు దారిపొడుగునా అగ్గిపెట్టెలు అగ్గిపెట్టెలు అనుకుంటూ వెళ్ళుంటారని నా అనుమానం. నడిమధ్యలో ఉన్న ఎలుకల మందు ఎలా మిగిలింది? దానికి ముందున్న అగరొత్తులు, తర్వాతి పటికబెల్లం రెండూ ఎలా జారాయి? పైన బొబ్బిలి అమ్మాయికి చెప్పిన కథే ఇక్కడ చిన్నగా జరిగింది. విషం అనే భావన ఉన్న మాట, పేపర్లో ఆ మాట ఎప్పుడు చూసినా ఒక చావు వార్తతోనే చూస్తాం, అది మిగతా సరుకుల్లా చప్పగా చెవిలోంచి వెళ్ళిపోదు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి, ఇది భయం వల్లేనా లేక తినేవీ ఇంట్లో వాడుకునేవీ మధ్యలో అదొక్కటే వింతగా ఉండడం వల్లా? ఒక వరసలో వేరుగా ఉన్నది ఏదైనా గుర్తుంటుందని 1933లోనే జర్మనీలో హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ చూపించారు, దానికి ఎమోషన్ కూడా అక్కర్లేదు. 2004లో టొరంటోలో డెబొరా టల్మి, మారిస్ మాస్కొవిచ్ ఇంకో కోణం పట్టుకున్నారు. భయం మాటలన్నీ ఒకదానికొకటి చుట్టాలు కదా, రక్తం, కత్తి, శవం, ఏడుపు, ఒకటి తలుచుకుంటే ఇంకోటి వస్తుంది, మామూలు మాటలకి ఆ చుట్టరికం ఉండదు, మరి మామూలు మాటల్ని కూడా చుట్టరికం ఉన్నవాటినే ఏరి ఇస్తేనో? ఇస్తే అవి కూడా భయం మాటలంత బాగానే గుర్తున్నాయి. 2006లో హాడ్లీ, మెకే అని ఇద్దరు బూతుమాటలతో చేసి చూశారు, మామూలు మాటల మధ్య కలిపి గబగబా చూపిస్తే బూతులే మిగిలాయి, లిస్టు మొత్తం బూతులే అయితే ఆ లాభం కనపడలేదు. దీన్నిబట్టి నాకర్థమయ్యేది, మాట బరువు సొంతంగా పనిచేసేది కొంతే, పక్కన తేలికవి ఉన్నప్పుడే అది బరువుగా తూగుతుంది.

భయమే గుర్తుంటుందనీ అనుకోకండి. ఫ్రాన్స్‌లోని మోంపెల్లియేలో మోనియే, సిసో అని ఇద్దరు 2008లో హాయిగొలిపే మాటలూ ఏ భావమూ లేని మాటలూ ఇచ్చి, విన్న వరసలోనే వెంటనే తిరిగి చెప్పమన్నారు. హాయి మాటలే మెరుగ్గా నిలిచాయి. కొన్ని సెకన్ల జ్ఞాపకంలో కూడా మాట అర్థం, దాని తీపీ చేదూ పనిచేస్తాయన్నమాట.

ఇంట్లో మనవలుంటే ఒక ఆట ఆడండి. సెకనుకో మాట చొప్పున చదవండి, గిన్నె, తలుపు, గొడుగు, చెంచా, శవం, బల్ల, కిటికీ, దారం. చదివాక అరనిమిషం వంద నుంచి వెనక్కి లెక్కపెట్టించి, తర్వాత రాయమనండి. శవం ఎంతమంది రాశారో, చెంచా ఎంతమంది వదిలేశారో చూడండి. చిన్నపిల్లలుంటే శవం బదులు అమ్మ అని పెట్టండి. సరుకుల సంగతంటారా, నోటిమాట వద్దు, మా ఆవిడ రాసిచ్చింది అని చీటీ జేబులో పెట్టుకోవడమే.

ప్రశ్న: బియ్యం అయిపోయాయి అంటే మా అత్తయ్య కోప్పడతారు, నిండుకున్నాయి అనాలట. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలట. ఇదంతా మూఢనమ్మకం కాదా మేడమ్? – ఒక కొత్తకోడలు, నరసాపురం

జవాబు: అలా అంటే బియ్యం వస్తాయా రావా అన్నది పక్కనపెట్టండి, నాకు ఇందులో వేరేది కనిపిస్తుంది. ఒకే సంగతికి మన దగ్గర రెండు మూడు మాటలున్నాయి, వాటి అర్థం ఒకటే, బరువు వేరు. చచ్చాడు, పోయారు, కాలం చేశారు, మూడూ ఒక్కటేనా? మొదటిది వింటే ఒళ్ళు జలదరిస్తుంది, మూడోది వింటే తల వంచుతాం.

ఈ బరువుని కొలవడానికి సైకాలజీ వాళ్ళు చాలా కష్టపడ్డారు. 1957లో చార్లెస్ ఆస్‌గుడ్ బృందం మాటకి అర్థం కాక ఇంకా ఏముంటుందో కొలిచి మూడు ముఖ్యమైనవి తేల్చింది, ఆ మాట మంచిగా అనిపిస్తుందా చెడ్డగానా, బలంగా ఉందా బలహీనంగానా, చురుగ్గా ఉందా మందంగానా. 1999లో ఫ్లోరిడాలో బ్రాడ్లీ, లాంగ్ కలిసి 1,034 ఇంగ్లీషు మాటలకి ఇలాగే తొమ్మిది మెట్ల కొలబద్ద మీద మార్కులు వేయించారు, హాయిగా ఉందా, ఉలికిపడేలా చేస్తుందా, మన చేతిలో ఉన్నట్టుందా మనల్ని మింగేలా ఉందా అని. మాటల మీద మెమరీ పరీక్షలు చేసేవాళ్ళు చాలామంది ఆ లిస్టులోంచే ఏరుకుంటారు. మీ అత్తయ్య ఏ కొలబద్దా లేకుండా వంటింట్లో చేస్తున్నది ఆ పనే. అయిపోయాయి అన్న మాటలో ఒక చిన్న లేమి ఉంది, నిండుకున్నాయి అన్నప్పుడు అది లేదు, పని మాత్రం జరుగుతుంది, ఎవరో ఒకరు కొట్టుకి వెళ్తారు. వెళ్తున్నా అనకుండా వెళ్ళొస్తా అనడం కూడా అంతే. నాకైతే ఈ మాటలంటే చాలా ఇష్టం, పోగొట్టుకోకండి.

ప్రశ్న: మేడమ్, నేను గ్రూప్-2కి చదువుతున్నా, రోజూ చిక్కడపల్లి లైబ్రరీలోనే ఉంటా. ఇంటి నుంచి అప్పుల గురించి ఫోన్ వస్తే ఆ పూట చదివింది ఒక్క ముక్క ఎక్కదు. ఇంకో డౌట్, ఎమోషన్ కలిపి చదివితే బాగా గుర్తుంటుందని ఒకాయన వీడియోలో చెప్పాడు, నిజమేనా? – ఒక అభ్యర్థి, హైదరాబాద్

జవాబు: మొదటిదానికి జవాబు పైన ఉంది తమ్ముడూ, నీ తలలో తిరుగుతున్నది అప్పు అనే మాట, ఆర్టికల్ నంబర్లకి చోటు లేదు. ఆ ఫోన్ వచ్చిన పూట కొత్తది మొదలుపెట్టకు. ముందు ఇంటి సంగతి ఒక కాగితం మీద రాసి పక్కనపెట్టు, ఎవరికి ఎంత, ఎప్పటికి, రేపు ఎవరితో మాట్లాడాలి అని. తర్వాత పాత ప్రశ్నపత్రాలు చెయ్యి, అది చేతులు కదులుతూ ఉండే పని. ఫోన్లు రాత్రి భోజనమయ్యాక చేయమని అమ్మకి చెప్పు, ఆవిడ అర్థం చేసుకుంటుంది.

రెండోది కొంచెం మెలిక ఉన్న ప్రశ్న. 1963లో మిషిగన్‌లో క్లైన్‌స్మిత్, కప్లన్ అని ఇద్దరు ఎనిమిది మాటలు తీసుకున్నారు, ముద్దు, వాంతి, డబ్బు, ఈత, డాన్స్ ఇలాంటివి, అందులో ఎగ్జామ్ అనే మాట కూడా ఉంది! ఒక్కో మాటకి ఒక్కో అంకె జత చేసి చూపిస్తూ, చూసేవాళ్ళ చర్మంలో కలిగే మార్పుని మిషన్‌తో కొలిచారు, ఎవరికి ఏ మాట దగ్గర ఉలికిపాటు వచ్చిందో తెలియడానికి. రెండు నిమిషాల తర్వాత అంకె అడిగితే ఉలికిపాటు తెచ్చిన మాటలవే ఎక్కువ తప్పాయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది, చప్పటి మాటల అంకెలు పోయాయి, ఉలికిపాటు మాటలవి నిలిచాయి. ఆ తర్వాత చేసినవాళ్ళు కొందరికి అప్పటికప్పుడు అడిగినా ఉలికిపాటు మాటలే బాగా వచ్చాయి కాబట్టి మొదటి సగాన్ని గట్టిగా పట్టుకోకు. రెండో సగానికి మాత్రం తోడు దొరికింది. ఎలిజబెత్ కెన్సింగర్, సుజాన్ కార్కిన్ 2003లో చూసినప్పుడు, చేదు మాటలు తలలో పట్టుకుని అప్పటికప్పుడు పనిచేసే దగ్గర పెద్ద తేడా తేలేదు, చాలాసేపటి తర్వాత అడిగితే మాత్రం అవే బాగా గుర్తున్నాయి.

కాబట్టి వీడియో ఆయన చెప్పింది సగం నిజం. భావం కలిస్తే పరీక్ష రోజుకి నిలవచ్చు, కానీ భావం అతుక్కునేది ఆ ఒక్క ముక్కకే, పేజీ మొత్తానికి కాదు. పుస్తకం అంతా పసుపు మార్కర్ పూసేస్తే ఏదీ వేరుగా కనపడదు చూడు, అలాగే ప్రతి లైనుకీ ఒక ఏడుపు కథ కట్టినా లాభం లేదు. పేజీకి ఒక్కటి, నీకు ఎప్పుడూ తప్పిపోయేది ఒక్కటి ఏరుకో. సాల్ట్ మార్చ్ తారీఖులు తప్పిపోతుంటే, 1930 మార్చి 12న బయల్దేరి ఏప్రిల్ 6న ఉప్పు తీసిన ఆ అరవై దాటిన మనిషి కాళ్ళు ఎలా ఉండి ఉంటాయో ఒక్కసారి ఊహించుకో. మిగతావి మళ్ళీ మళ్ళీ చదవడం, చూడకుండా రాసుకోవడం, దీనికి అడ్డదారి లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, డాలస్‌లో ఉంటాం. నన్ను మా అమ్మ చిన్నప్పుడు "సిగ్గులేదూ" అన్న మాట నలభై ఏళ్ళొచ్చినా చెవిలో ఉంది. అదే మాట మా బాబుని అంటే వాడు నవ్వుతాడు, అరనిమిషంలో మర్చిపోతాడు, ఇంగ్లీషులో అంటే మొహం మాడ్చుకుంటాడు. వాడికి తెలుగు ఎక్కడం లేదా? – ఒక తల్లి, అమెరికా

జవాబు: మీ ఇద్దరి మొదటి భాషలు వేరమ్మా, అదే జరుగుతోంది. క్యాథరీన్ హారిస్, ఐషె ఐచిచెగి, జీన్ బెర్కో గ్లీసన్ 2003లో టర్కిష్ ఇంట్లో నేర్చుకుని ఇంగ్లీషు పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్ళకి రెండు భాషల్లో మాటలు చూపించి, వినిపించి చర్మం స్పందన కొలిచారు. చిన్నప్పుడు ఇంట్లో పడే తిట్లు, మీ అమ్మగారు అన్నలాంటివే, టర్కిష్‌లో వింటే ఒళ్ళు బాగా స్పందించింది, ఇంగ్లీషులో అంత లేదు. కొందరైతే ఆ తిట్టు వినగానే ఇంట్లోవాళ్ళ గొంతే వినిపించిందన్నారు. మీకు మీ అమ్మ గొంతు వినిపిస్తోంది కదా, అదే.

గుర్తుండే విషయానికొస్తే, 1994లో అనూషియన్, హెర్టెల్ స్పానిష్, ఇంగ్లీషు వచ్చినవాళ్ళతో చేసినప్పుడు భావం ఉన్న మాటలు ఎక్కువ గుర్తుండడం మొదటి భాషలోనే కనిపించింది. కానీ 2004లో ఐచిచెగి, హారిస్ చూస్తే రెండో భాషలోనూ కనిపించింది, కాబట్టి ఇది ఇంకా తేలని లెక్క. చిన్నప్పుడే రెండు భాషల్లోనూ పెరిగిన పిల్లలకి ఈ తేడా తగ్గిపోతుందని మాత్రం తెలుస్తోంది.

అందుకే ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోకండి. మీ బాబు రోజు మొత్తంలో తెలుగు ఎప్పుడు వింటాడు? లేవరా, తినరా, సిగ్గులేదూ, ఇవేనా? ఆటలూ స్నేహితులూ నవ్వులూ అన్నీ ఇంగ్లీషులో ఉండి, తెలుగులో ఆజ్ఞలూ తిట్లే ఉంటే ఆ భాష మాటలకి వాడి మనసులో తీపి ఎక్కడ్నుంచి వస్తుంది? నిద్రపోయేముందు బంగారం, చిట్టితండ్రీ, నా బుజ్జిగాడు అని ఒళ్ళో వేసుకుని తెలుగులో కథ చెప్పండి, రోజూ పది నిమిషాలు. దెబ్బ తగిలితే తెలుగులో ఊరుకోపెట్టండి. తాతయ్యతో వీడియో కాల్‌లో పోట్లాడనివ్వండి. సిగ్గులేదూ అన్న మాట మాత్రం వాడికి ఎక్కకపోతేనే మంచిది, మీకు నలభై ఏళ్ళు మోసింది చాలు.

ప్రశ్న: అష్టావధానంలో అవధాని అంత గందరగోళంలో అన్ని పద్యాలు ఎలా గుర్తుపెట్టుకుంటారు? భావావేశమే కారణమా? – విశ్రాంత తెలుగు పండితులు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీకు నేను చెప్పేదేముంది, తెలిసినంతలో నా ఆలోచన చెప్తా. నాకు భావావేశం కన్నా ఛందస్సే ఎక్కువ మోస్తోందనిపిస్తుంది. గణాలు, యతి, ప్రాస కుదిరిన పాదంలో ఒక మాట జారితే ఆ ఖాళీ ఆకారం మిగులుతుంది, అందులో పట్టే మాటలు చాలా తక్కువ, కాబట్టి పోయింది దొరుకుతుంది. పైన టొరంటో వాళ్ళు చెప్పిన చుట్టరికం లాంటిదే ఇది, కాకపోతే అర్థంతో పాటు శబ్దానికీ చుట్టరికం. పాతిక ముప్ఫై మాటలు విడివిడిగా పట్టుకునే బదులు నాలుగు పాదాల ఒక పద్యం పట్టుకుంటున్నారు, దాని వెనక ఏళ్ళ సాధన.

భావం పనిచేసేది ఎదుటి పక్షానికని నా అభిప్రాయం. అప్రస్తుత ప్రసంగి కూర్చునేదే అందుకు కదా, అవధాని ఒక పాదం లోపల అనుకుంటూ ఉండగా ఒక నవ్వు మాటో ఒక చురకో విసిరి ఆ అనుకోవడాన్ని తెంపడానికి. పీటర్సన్ దంపతులు మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టించినట్టు, కాకపోతే అంకెల బదులు మనసుని లాగే మాటలతో. మధ్యలో గంట ఎన్నిసార్లు మోగిందో లెక్క కూడా చెప్పాలి. ఇన్నిటి మధ్య చివర్లో ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పడం, చేస్తుంటే నేను ప్రతిసారీ ముందుకి వంగి కూర్చుని వింటా. మీరు చూసిన అవధానాల్లో ధారణ తడబడిన చోట్లు గుర్తుంటే, దానికి కాస్త ముందు ఏ మాట పడిందో రాసి పంపండి మాస్టారూ, వచ్చే నెల ఇక్కడే వేస్తా.